పద్దెనిమిది గ్రాముల నీళ్లు

మోల్ అంటే ఏమిటని ఇప్పటి పిల్లలను అడిగితే ఆరు పాయింట్ సున్నా రెండు మూడు ఇంటూ పది టు ది పవర్ ఇరవై మూడు అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. సంతోషం. ముప్పై ఏళ్లకు పైగా నేనూ పిల్లల చేత అదే అప్పజెప్పించాను. ఆ అంకె నోటికి వచ్చినంత మాత్రాన మోల్ తెలిసినట్టు కాదని నాకు బోధపడేసరికి ఒక ఆడపిల్ల చదువు ఆగిపోయింది. నేను రిటైరైన రోజు సన్మానం చేసి, 'తూకం తప్పని మనిషి' అని మెచ్చుకుంటూ శాలువా కప్పారు. ఆ శాలువా కింద నాకు చెమటలు పోశాయి. ఎండాకాలం కదా, అందుకే అనుకున్నారు అందరూ. కెమిస్ట్రీ చెప్పడానికి ఇవాళో రేపో కొత్తగా చేరబోయే వాళ్లు నా కారణంగా కొంచెం జాగ్రత్త పడతారేమోనని ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివరి సంగతి. వరంగల్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరి ఏడాదిన్నర అయింది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. మా ల్యాబు ఒక పొడుగాటి పెంకుల గది. ధర్మసాగర్ చెరువు నీళ్లు కుళాయికి పొద్దున ఒక గంట వస్తే వచ్చినట్టు, లేకపోతే బకెట్లతో మోసుకోవడమే. అలమార్లో సీసాలు, ఒక రసాయన త్రాసు, దాని పెట్టెలో ఎప్పుడూ ఒకటి తక్కువుండే తూకపురాళ్లు. వీటన్నిటికీ కాపలాదారు మా అటెండర్. పిల్లలూ మేమూ అందరం 'కాక' అనేవాళ్లం. లెక్చరర్లు మారారు గాని కాక మారలేదు. ఆ ల్యాబులో ఏ సీసా ఎక్కడుందో ఆయనకే తెలుసు.

మోల్ పాఠం నేను మిరపకాయలతో మొదలుపెట్టేవాణ్ని.

"మార్కెట్ల మిరపకాయలను ఎవరన్న లెక్కపెడతరా?" అని అడిగేవాణ్ని.

"పెట్టరు సార్, జోకుతరు!" అని అరిచేవాళ్లు. సగం మంది రైతుల పిల్లలే మరి.

"అంతే. ఒక్క కాయ ఎంత బరువో తెలిస్తే, బస్తా జోకి ఎన్ని కాయలున్నయో చెప్పొచ్చు. పరమాణువులను లెక్కపెట్టే కన్ను మనకు లేదు. అందుకని జోకుతం. కార్బన్ పన్నెండు గ్రాములు జోకితే ఒక మోల్. సోడియం ఇరవై మూడు గ్రాములు జోకితే ఒక మోల్. బరువులు వేరు. లోపలున్న పరమాణువుల లెక్క మాత్రం ఒక్కటే."

ఆ ఏడు రెండో బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, కొందరు మిరపకాయల మీద నీళ్లు జల్లి జోకుతరు. అప్పుడు ఈ లెక్క తప్పుతది గద?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. రెండు వారాల తర్వాత చెప్పాల్సిన పాఠాన్ని ఆ అమ్మాయి అప్పుడే అందించింది. బోర్డు మీద సోడియం కార్బనేట్ రాశాను. నీళ్లు లేని పొడి సోడా ఒక మోల్ నూట ఆరు గ్రాములు. అదే సోడా ఒక్కో అణువుకు ఒక్కో నీటి అణువును కలుపుకుని ఉంటే, పద్దెనిమిది కలిసి నూట ఇరవై నాలుగు. అప్పుడు నూట ఆరే జోకితే మోల్ రాదు, తక్కువొస్తుంది. "అందుకని ముందు సీసా మీద ఏం రాసుందో చదవాలె, తర్వాత జోకాలె. చదవకుండ జోకినోడు నీళ్లను సోడా అని అమ్మినట్టే," అన్నాను. బాగా చెప్పానని నాకు నేనే మురిసిపోయాను. చెప్పేవి శ్రీరంగనీతులు!

ఆ అమ్మాయిది ఊళ్లోనే మట్టెవాడ. తండ్రి మగ్గాల వాళ్లకు నూలుకు రంగులద్దేవాడు. ఆమె వేళ్ల చివర్లకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది, గోళ్ల సందుల్లో నీలం మాత్రం ఏడాదంతా పోయేది కాదు. మిగతా ఆడపిల్లలు ఎగతాళి చేస్తే చేతులు ఓణీలో దాచుకునేది. కానీ ల్యాబులో ఆ చేతులే చేతులు. సోడా ద్రావణంలో రెండు చుక్కలు మిథైల్ ఆరెంజ్ వేస్తే పసుపుపచ్చగా ఉంటుంది. పైన బ్యూరెట్ గొట్టం నుంచి ఆసిడ్ చుక్కచుక్కగా వదులుతుంటే, ఏదో ఒక చుక్కకు ఆ పసుపు నారింజలోకి తిరుగుతుంది. సరిగ్గా అక్కడ ఆపి, ఎంత ఆసిడ్ పట్టిందో చదివితే సోడా ఎంతుందో లెక్క తేలుతుంది. అందరూ ఆ చుక్క దాటిపోయి గులాబీరంగు చేసేవాళ్లు. ఆమె దాటేది కాదు.

"ఎట్ల పడతవమ్మా?" అని అడిగాను ఒకసారి.

"మా బాపు నేర్పిండు సార్. రంగు తిరిగే ముందట అది జర ఆగి ఆలోచిస్తదట. అప్పుడు మనం గూడ ఆగాలె అంటడు."

నా క్లాసులో ఒక్కటే చట్టం. మూడుసార్లు చేయాలి, మూడు రీడింగులూ ఒక్కటే రావాలి. ఒకసారి వస్తే అదృష్టం, రెండుసార్లు వస్తే అనుమానం, మూడుసార్లు వస్తేనే నిజం అని చెప్పేవాణ్ని. ఆమె నోటుబుక్కు మొదటి పేజీలో అది రాసుకుంది.

డిగ్రీలో కెమిస్ట్రీయే తీసుకుంటానని, ఎప్పటికైనా ఇలాంటి ల్యాబులోనే పని చేస్తానని ఆమె నాతో అనేది. తండ్రి ఒక షరతు పెట్టాడట. ఒక్కసారికే పాసైతే డిగ్రీ, తప్పితే రంగుల గాబు దగ్గరికి. "తప్పను సార్, నాకేం ఫికర్ లేదు," అని నవ్వేది.

ఇక మా కాలేజీ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. పిల్లలకిచ్చే ద్రావణాలు మాత్రం మేమే తయారు చేసి, ఏ బ్యాచ్‌కు ఎంత సోడా కలిపామో ఒక లిస్టు రాసి ఆయన చేతికిస్తాం. ఆ లిస్టు కాక కళ్లబడకుండా ఉండదు. పరీక్ష నడుస్తుంటే కాక డిస్టిల్డ్ వాటర్ సీసా పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, నీళ్లు పోస్తూ పోస్తూ చెవిలో అంకె వేసేవాడు. పిల్లలు ఆ అంకెకు సరిపడా రీడింగులు రాసుకునేవాళ్లు. దానికి ఆయన ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగలేదు. పేదపిల్లలు ఒడ్డునపడాలని, అంతే. మేం చూసీ చూడనట్టు ఉండేవాళ్లం. ఆ ముందటేడు నేను కూడా కిటికీలోంచి చెట్టు చూస్తూ నిలబడ్డాను.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం. సోడా ద్రావణాలు కలపాలి. మూడింటికి కాజీపేట స్టేషన్‌కు పోయి ఎగ్జామినర్‌ను దింపుకోవాలి. ఆయనకు బస, భోజనం, పడుకునే ముందు పాలు, అన్నీ నా నెత్తినే. కొత్తవాడి మీదే కదా పడేవి. పాత సోడా సీసా అడుగంటింది. కాక స్టోరులోంచి ఒక కొత్త సీసా తెచ్చాడు.

"ఇగో సార్, సోడా. సీలు గూడ తియ్యలే."

సోడియం కార్బనేట్ అని పెద్దక్షరాలు కనబడ్డాయి. దాని కింద చిన్నక్షరాల్లో ఇంకేదో ఉంది. గడియారం చూశాను గాని దాన్ని చూడలేదు. ఆ అమ్మాయి బ్యాచ్‌కు లీటరుకు ఐదు పాయింట్ మూడు గ్రాములు జోకి కలిపాను. లిస్టు రాశాను. సైకిలెక్కి కాజీపేట పోయాను.

మర్నాడు పరీక్ష. ఇరవై మంది బ్యాచ్. నా లెక్క ప్రకారం బ్యూరెట్ ఇరవై మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి. పదకొండు గంటలకు కాక ఒక రౌండు వేశాడు. ఆమె బల్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను, వినబడింది.

"బిడ్డా, ఇరువై రాయి."

"కాకా, నాకు పదిహేడు పాయింట్ ఒకటే వస్తాంది."

"నీకేం వస్తే ఏంది? లిస్టుల ఇరువై ఉన్నది. ఇరువై రాయి బిడ్డా, పరేషాన్ గాకు."

"మూడుసార్లు చేసిన కాకా. మూడుసార్లు గదే వచ్చింది."

కాక నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఎగ్జామినర్ పేపర్లు తీసుకున్నాడు. పందొమ్మిది మందివి ఇరవై, అటూ ఇటూ సున్నా పాయింట్ ఒకటి. ఆమెది ఒక్కటే పదిహేడు పాయింట్ ఒకటి. లీటరుకు నాలుగు పాయింట్ ఐదు మూడు గ్రాములని లెక్క కట్టింది. ఆయన నవ్వాడు. "మూడుసార్లూ ఒకే తప్పు చేశావా? అదీ ఒక విద్యేనమ్మా!" అన్నాడు. మంచివాడే, కాకపోతే మాట దురుసు. ఆమె ఇంకోసారి చేసి చూపిస్తానని బతిమాలింది. ఆయన నన్నడిగాడు, "లిస్టు కరెక్టే కదండీ?"

"కరెక్టేనండి," అన్నాను. నిజంగానే కరెక్టనుకున్నాను. ఆ ఒక్క నిమిషం వరకు నేను అబద్ధాలకోరును కాను, ఉత్త తొందరపాటు మనిషిని. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, తర్వాత తన చేతులకేసి చూసుకుంది. వైవాలో ఎగ్జామినర్ ఏమడిగినా నోరు పెగల్లేదు.

మరుసటి రోజు పొద్దున ఎగ్జామినర్‌ను బస్సెక్కించి వచ్చి సీసాలు అలమార్లో సర్దుతున్నాను. కొత్త సోడా సీసా చేతికొచ్చింది. తీరిగ్గా ఉన్నాను కాబట్టి చదివాను. సోడియం కార్బనేట్, మోనోహైడ్రేట్. అణుభారం నూట ఇరవై నాలుగు.

స్టూలు మీద కూర్చుని కాగితం తీశాను. ఐదు పాయింట్ మూడు గ్రాములు జోకాను. అందులో నిజమైన సోడా ఎంత? నూట ఇరవై నాలుగు వంతుల్లో నూట ఆరు వంతులే. నాలుగు పాయింట్ ఐదు మూడు. ఆమె రాసిన అంకె ఎక్కడా పొల్లు పోలేదు. ఇరవై మందిలో, కాదు, ఎగ్జామినర్‌నూ నన్నూ కలుపుకుని ఇరవై రెండు మందిలో, ఆ పూట కెమిస్ట్రీ చేసింది ఆ పిల్ల ఒక్కతే. మిగిలిన తేడా నేను సోడా అనుకుని జోకిన నీళ్లు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్డు దగ్గరికి పరిగెత్తాను. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మార్కుల లిస్టు సీలేసి పంపించేశినం. ఇప్పుడు తప్పని రాస్తే ఫస్టు అడుగుతరు, మరి పందొమ్మిది మందికి ఇరువై ఎట్లొచ్చిందీ అని. వాళ్ల పరీక్ష పోతది, కాక నౌకరి పోతది, నీ ప్రొబేషన్ పోతది. ఒక్క పిల్ల కోసం ఇంతమందిని ముంచుతవా? ఆమె మల్ల రాసుకుంటది తియ్యి."

ఆ మాటల్లో న్యాయం ఉన్నట్టే అనిపించింది. మనకు పనికొచ్చే న్యాయం ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది. కాకతో చెబితే ఆయన గోడకానుకుని కూలబడ్డాడు. "అయ్యో సార్, ఆ బిడ్డకు ఇరువై రాయమని నేనే చెప్తిని గదా. నిజం రాసిన పిల్లకే దెబ్బ తగిలె," అన్నాడు. ఆ తర్వాత ఆ మనిషి పరీక్షల్లో నీళ్ల సీసా పట్టుకుని బల్లల మధ్య తిరగలేదు. ఆయనకున్నపాటి సిగ్గు కూడా నాకు లేకపోయింది.

రిజల్ట్స్ వచ్చాయి. ఆమె కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో రెండు మార్కుల తేడాతో తప్పింది. మిగతా అన్నిట్లో మంచి మార్కులే.

రెండు రోజులకు తండ్రి వచ్చాడు. మోచేతుల దాకా రంగు, తలకు తువ్వాల. ల్యాబు గడప దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. ఆ అమ్మాయి వెంట రాలేదు. నా వెనక బల్ల దగ్గర హెడ్డు ఏవో కాగితాలు చూస్తున్నాడు.

"సారూ, మార్కుల సంగతి, కాయితాల సంగతి నాకు తెల్వది. నేను ఒక్కటే అడుగుదామని వచ్చిన. పిల్ల రెండు రోజుల సంది అన్నం ముడుతలేదు. నేను కరెక్టే చేసిన బాపూ అంటాంది. మీరు సదువు చెప్పిన సారు. మా పిల్లకు ఈ పని చాతనైతదా, కాదా? చాతనైతదని మీరొక్క మాట అనుండ్రి, షరతు గిరతు పక్కకు పెట్టి ఇంకో ఏడు సదివిస్త. కాదంటే తోలుకపోత."

నేను తప్పు ఒప్పుకోనక్కర్లేదు. ఎవరి ఉద్యోగమూ పోనక్కర్లేదు. చాతనవుతుంది అని ఒక్క మాట అంటే చాలు. ఇన్నేళ్లు ఆలోచించినా నాకు మింగుడుపడనిది అదే. కానీ చాతనవుతుందంటే, మరెందుకు తప్పిందని ఆయన అడుగుతాడు. ఆ ప్రశ్నకు భయపడ్డాను. వెనకాల కాగితాల చప్పుడు ఆగిపోయింది.

"కెమిస్ట్రీ జర కష్టమే," అన్నాను. "చెయ్యి ఇంక కుదరలే. చెప్పలేం."

ఆయన కాసేపు నా మొహం చూశాడు. "అట్లనా," అన్నాడు. "నేను నా కన్నే ఆమెకు వచ్చిందనుకున్న సారూ. సరే మరి." దండం పెట్టి వెళ్లిపోయాడు. గడప మీద ఆయన చెయ్యి ఆనించిన చోట నీలం మరక పడింది. కాక దాన్ని తుడవనివ్వలేదు.

నా ప్రొబేషన్ ముగిసి ఉద్యోగం ఖాయమైంది. స్వీట్లు పంచాను కూడా.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. ఎనభైల మధ్యలో రంగుల అద్దకంలో కొత్త రకం రంగులు వచ్చాయి. అవి నూలును పట్టుకోవాలంటే సోడా కావాలి. పాళ్లు కుదరక నూలు పాడవుతోందని, ఒక గంట వచ్చి చెప్పమని మట్టెవాడలో అద్దకం వాళ్లు కాలేజీకి మనిషిని పంపారు. హెడ్డుగా ఉన్నది అప్పటికి నేనే. ప్రిన్సిపాల్ నన్నే పొమ్మన్నాడు.

రేకుల షెడ్డు. ఆవిర్లు కక్కే గాబులు, దండేల మీద ఆరేసిన నూలు కట్టలు, వాళ్ల మాటలో చిలపలు. ఒక మూల పొయ్యి మీద ఇనుప మూకుడు పెట్టి ఒకామె తెల్లటి పొడి వేయిస్తోంది. వంగిన వీపు చూసి గుర్తుపట్టలేదు, వేళ్లు చూసి గుర్తుపట్టాను. ఆమె నన్ను ముందే గుర్తుపట్టింది.

"బాగున్నరా సార్?"

"అదేందమ్మా, ఎందుకు వేయిస్తున్నవ్?" అన్నాను.

"సోడా సార్. నీళ్లు తాగి ఉంటది గద, వేయించకపోతే తూకం తప్పుతది. మీరే చెప్తిరి," అంది. ఎత్తిపొడుపు కాదు. మామూలుగా, పాఠం గుర్తున్నందుకు కొంచెం గర్వంగా అంది. కొరడాతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

గాబులోంచి ఒక చిలప ఎత్తింది. నాకు రంగు బ్రహ్మాండంగా కనబడింది. ఆమె మాత్రం పక్కనున్న పెద్దామెను పిలిచి, "అత్తా, జర చూడు, రంగు దిగిందా?" అంది. ఇంకొకామెను కూడా పిలిచి అడిగింది.

"సార్, మీరన్న చెప్పుండ్రి ఈమెకు," అంది పెద్దామె నవ్వుతూ. "ఈ వాడల ఈమె కన్నుకు మించిన కన్ను లేదు. అయిన గూడ ప్రతి చిలపకు మమ్ముల అడుగుతది. ఆమె కండ్ల మీద ఆమెకే నమ్మకం లేదు."

బాపు ఎలా ఉన్నాడని అడిగాను. పోయిన ఏడు దవాఖానలో చనిపోయాడంది.

నేను చెప్పాల్సిన గంట పాఠం ఏం చెప్పానో నాకు తెలియదు. అందరూ వెళ్లాక పొయ్యి దగ్గర ముక్కాలిపీట మీద కూలబడి చెప్పేశాను. సీసా సంగతి, చిన్నక్షరాల సంగతి, నూట ఇరవై నాలుగు సంగతి. ఆమెకు వివరించాల్సిన పనే పడలేదు. నూట ఇరవై నాలుగు అనగానే ఆమె పెదాలు కదిలాయి, లెక్క కడుతోంది. తర్వాత తండ్రితో నేనన్న మాట కూడా చెప్పాను. తిడుతుందని, ఏడుస్తుందని అనుకున్నాను. రెండూ చేయలేదు. పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగింది.

"అయితే నాది కరెక్టేనా సార్?"

"కరెక్టేనమ్మా."

మూకుడులో సోడా చల్లారుతోంది.

"మల్ల చెప్పుండ్రి సార్."

"నీదే కరెక్టు. నాలుగు పాయింట్ ఐదు మూడు. నీదే కరెక్టు."

ఆమె నీలం వేళ్లతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నుంచే అడిగింది.

"ఇంకొక్కసారి."

మూడోసారీ చెప్పాను. ఆమె కొంగు తీసి కళ్లు తుడుచుకుని తలాడించింది.

"మూడు ఒక్కటే వచ్చినయి సార్," అంది. "మా బాపు ఉన్నప్పుడైతే ఒక్కసారి చెప్పినా సరిపోతుండె."